సర్ హారీ రికార్డో

పెట్రోలు బండి నిండు బరువుతో కొండదారి నెక్కునపుడు ఒక్కొక్కసారి దాని ఇంజను నుండి టకటకమను శబ్దము వినవచ్చును. చిన్న సుత్తితో ఇనుపరేకుపై కొట్టుచున్నట్లుండు ఆ శబ్దమును వినగానే అనుభవముగల డ్రైవరు గేరు మార్చి ఇంజనుపై భారము తగ్గించును. ఆ శబ్దము కొంతసేపు సాగినచో ఇంజను మితిమీఱి వేడెక్కును. ఇంకను సాగినచో పిస్టను పగిలిపోవచ్చును. మోటారు పనివారు దీనిని నాకింగు అందురు. ఈ శబ్ద మేల పుట్టును? ఇందు దోషము ఇంజనుదా, ఇంధనముదా? 20వ శతాబ్దపు తొలి దినములలో ఈ ప్రశ్నకు సరియైన సమాధానము నెఱిగినవారు లేరు. దానిని వెదకుటలో తన జీవితమున పెద్ద భాగమును వినియోగించి, కార్లకును విమానములకును అధిక శక్తిని సమకూర్చు మార్గమును చూపిన ఆంగ్లేయ ఇంజనీరు సర్ హారీ రికార్డో.

రికార్డో 1885వ సంవత్సరము జనవరి 26వ తేదీన లండను నగరమున జన్మించెను. ఆతని తండ్రి హాల్సీ రికార్డో పేరుగాంచిన వాస్తుశిల్పి. కలకత్తా నగరమునకు ఎదుట, హుగ్లీ నది ఆవలి యొడ్డున నున్న హౌరా రైల్వే స్టేషను భవనమునకు రూపకల్పన చేసినది ఆయనయే. తల్లికి తండ్రియగు సర్ అలెగ్జాండర్ రెండెల్ భారతదేశపు రైలు మార్గములకు ఇంజనీరింగు సలహాదారుగా పనిచేసినవాడు. ఈ విధముగా ఆ కుటుంబమునకు మన దేశముతో సంబంధము కలదు.

పదియేండ్ల ప్రాయము నుండియే హారీ పనిముట్లు చేతబట్టి చిన్న చిన్న ఇంజనులను తయారు చేయుచుండెను. 1898లో ఆతని తాతగారు ఒక మోటారు కారును కొనిరి. అప్పటి ఇంగ్లండులో రోడ్లపై గుఱ్ఱపు బండ్లదే రాజ్యము. మోటారు కారును కన్నులార చూచినవారు బహు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో ఒకడగు భాగ్యము పదమూడేండ్ల హారీకి లభించెను. రగ్బీ పాఠశాలలో చదువు ముగించుకొని, 1903లో ఆతడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన ట్రినిటీ కళాశాలలో ఇంజనీరింగు విద్యార్థిగా చేరెను.

మఱుసటి సంవత్సరము విశ్వవిద్యాలయపు మోటారు సంఘమువారు ఒక విచిత్రమైన పందెము నేర్పాటు చేసిరి. ఈ పందెమున వేగముతో పనిలేదు. ఒక క్వార్టు, అనగా లీటరు కన్న కొంచె మెక్కువ పెట్రోలుతో ఎవరి బండి ఎక్కువ దూరము పోవునో వారిదే గెలుపు. రికార్డో తాను స్వయముగా నిర్మించిన ఇంజనును మోటారు సైకిలునకు అమర్చి పందెమున దిగెను. పోటీకి వచ్చిన ఇంజను లన్నిటిలో అదియే మిక్కిలి బరువైనది. అయినను అది 64 కిలోమీటర్లు నడిచి గెలుపొందెను. ఈ విజయము బెర్ట్రామ్ హాప్కిన్సన్ అను ఆచార్యుని దృష్టి నాకర్షించెను. ఆయన ఆ విద్యార్థిని పిలిచి, ఇంజనులపై తాను చేయుచున్న పరిశోధనలలో పాలుపంచుకొను మని ప్రోత్సహించెను. రికార్డో జీవితమార్గము అచ్చటనే నిర్ణయ మయ్యెను.

ఆ పరిశోధనల సారము తెలియవలెనన్న, పెట్రోలు ఇంజను పనిచేయు తీరును కొంత తెలిసికొనవలెను. గాలియు, పెట్రోలు ఆవిరియు కలిసిన మిశ్రమము సిలిండరులోనికి వచ్చును. పిస్టను పైకి లేచి ఆ మిశ్రమమును చిన్న చోటిలోనికి అదుమును. అపుడు విద్యుత్తు నిప్పురవ్వ దాని నంటించును. మండిన వాయువులు వ్యాకోచించి పిస్టనును క్రిందికి నెట్టును. ఆ నెట్టుడే చక్రములను త్రిప్పు శక్తి. మిశ్రమమును ఎన్నవ వంతుకు కుదింతుమో ఆ లెక్కకు సంపీడన నిష్పత్తి యని పేరు. ఈ నిష్పత్తి పెరిగిన కొలదియు, అదే పెట్రోలు నుండి ఎక్కువ పని లభించును. ఏ నష్టమును లేని ఆదర్శ యంత్రమునందు నిష్పత్తి 4 అయినపుడు వేడిలో నూటికి 43 వంతులు పనిగా మాఱును. నిష్పత్తి 8 అయినపుడు నూటికి 56 వంతులు మాఱును. నిజమైన యంత్రములలో లభించునది ఇంతకన్న తక్కువయే యైనను, లాభము పెరుగు తీరు మాత్రమిదియే.

అట్లయిన నిష్పత్తిని ఎంతవరకైన పెంచవచ్చును గదా యని మీకు తోచవచ్చును. ఇచ్చటనే నాకింగు అడ్డు వచ్చును. నిప్పురవ్వ సిలిండరున కంతకు సమయము కంటె ముందుగా అంటుకొనుటయే ఈ శబ్దమునకు కారణమని అనేకులు తలచుచుండిరి. హాప్కిన్సన్, రికార్డో ఈ రెండును వేఱువేఱు సంగతులని గ్రహించిరి. నిప్పురవ్వ సరియైన సమయముననే పడును. మంట క్రమముగా వ్యాపించును. కాని ఆ మంట చేరకముందే, సిలిండరు మూలలలో మిగిలిన మిశ్రమము అదుముడుకును వేడికిని తాళలేక ఒక్క త్రుటిలో తనంత తానే భగ్గున మండును. అపుడు పుట్టిన పీడన తరంగము గోడలకు కొట్టుకొనుటయే మనము విను శబ్దము. అనగా ఇంజను బలమునకు హద్దు విధించునది ఇనుముకాదు. ఇంధనము యొక్క ఓర్పు. ఈ సత్యమే రికార్డో జీవితకృషికి పునాది.

1906లో పట్టము పొందిన పిదప ఆయన కొంతకాలము తాతగారి ఇంజనీరింగు సంస్థలో పనిచేసెను. తీరిక సమయము లన్నిటిని ఇంజనులకే వినియోగించెను. ఆయన రూపొందించిన ఇంజనుతో సమీప బంధువొకడు షోరమ్ పట్టణమున డాల్ఫిన్ అను కార్లను తయారు చేసెను గాని ఆ కర్మాగారము ఎక్కువ కాలము నిలువలేదు. ఈ అపజయమునకు రికార్డో క్రుంగిపోలేదు.

ఇంతలో 1914లో మొదటి ప్రపంచ యుద్ధము ప్రారంభమయ్యెను. 1916లో బ్రిటిషు సైన్యము టాంకులను తొలిసారిగా రణరంగమున ప్రవేశపెట్టెను. ఆ టాంకుల ఇంజనులు 105 అశ్వశక్తి గలవి. అంతటి భారమును లాగుటకు ఆ శక్తి చాలకుండెను. అంతకంటె పెద్ద లోపము మఱియొకటి యుండెను. కందెన నూనె సిలిండరులోనికి చొరబడి కాలుటచే, ఇంజను వేగము పెంచగనే దట్టమైన పొగ లేచి, టాంకు ఉన్న తావును శత్రువునకు తెలుపుచుండెను. లోపలి సైనికుల ప్రాణములకు ఆ పొగయే ముప్పు. క్రొత్త ఇంజనును నిర్మించు భారము ముప్పది రెండేండ్లైనను నిండని రికార్డోపై పడెను.

ఆ పని సులభమైనది కాదు. అల్యూమినియము, మేలుజాతి ఉక్కు విమానములకే చాలకుండుటచే టాంకుల కియ్యబడవు. మంచి పెట్రోలు సైతము విమానములకు పోగా, మిగిలిన నాసిరకముతోనే ఈ ఇంజను నడువవలెను. రికార్డో ఈ నిర్బంధములకు లోబడియే ఆఱు సిలిండర్ల ఇంజను నొకదానిని రూపొందించెను. పిస్టనుకు క్రింది భాగమున వేఱొక జాఱుడు దిమ్మను అమర్చి, నూనె పైకి ఎగబ్రాకకుండ చేసెను. పొగ తగ్గెను, శక్తి 150 అశ్వములకు పెరిగెను. 1917 ఏప్రిల్ నాటికి వారమునకు నూఱు చొప్పున ఈ ఇంజనులు తయారగుచుండెను. యుద్ధము ముగియులోపల నిర్మింపబడినవి మొత్తము 8000కు పైబడినవి. వానిలో కొన్ని వందలు ఆస్పత్రులకును, శిబిరములకును విద్యుద్దీపముల వెలుగు నిచ్చెను.

ఈ కాలముననే ఇంధనములను గూర్చి ఆయనకు ఒక ఆశ్చర్యకరమైన సంగతి తెలిసెను. ఆ దినములలో పెట్రోలు మంచిచెడ్డలను దాని సాంద్రతను బట్టి నిర్ణయించుచుండిరి. తేలికైనది మేలురకము, బరువైనది నాసిరకము అని వర్తకుల నమ్మకము. బోర్నియో ద్వీపమున లభించు పెట్రోలు ఈ కొలతకు మించి బరువుగా నుండుటచే, పనికిరాని దని దానిని తగులబెట్టుచుండిరి. రికార్డో దాని నమూనాను తన ఇంజనులో పోసి పరీక్షించెను. మిగిలిన పెట్రోలులు టకటకలాడు చోట ఇది నిశ్శబ్దముగ పనిచేసెను. దాని బరువునకు కారణమైన టొలుయీను మొదలగు పదార్థములే దాని ఓర్పునకును కారణమని తేలెను. విస్ఫోటక మగు టి.ఎన్.టి. తయారీకి మూలమైన టొలుయీనే ఇంజనులో మిక్కిలి శాంతముగ మండుట మఱింత వింత! పారవేయదగిన దని లోకము తలచిన వస్తువే ఉన్న ఇంధనములలో ఉత్తమమైన దని ఆయన నిరూపించెను. ఒక తప్పు కొలబద్ద ఎంతటి సంపదను బూడిద చేయగలదో ఈ సంఘటనము మనకు నేర్పుచున్నది.

1918 ఆగస్టులో గురువగు హాప్కిన్సన్ విమాన ప్రమాదమున మరణించెను. గురుశోకమున మునిగియు రికార్డో ఆయన చూపిన దారిని విడువలేదు. 1919లో షోరమ్ పట్టణమున తన పరిశోధనశాలను నెలకొల్పెను. షెల్ చమురు సంస్థ ఇచ్చిన ధనసహాయముతో, హెన్రీ టిజార్డ్, డేవిడ్ పై అను ఇరువురు శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో, ఇంధనముల నన్నిటిని వరుసగా పరీక్షింప బూనెను. ఇందుకొఱకు ఆయన ఒక అపూర్వమైన ఇంజనును నిర్మించెను. అది నడుచుచుండగనే దాని సంపీడన నిష్పత్తిని పెంచుటకు, తగ్గించుటకు వీలుండెను. ఒక ఇంధనమును పోసి, నిష్పత్తిని కొంచెము కొంచెముగ పెంచుచు, శబ్దము తొలిసారి వినబడిన చోట ఆపి, ఆ సంఖ్యను వ్రాసికొనుట వారి పద్ధతి. ఆ సంఖ్యయే ఆ ఇంధనపు ఓర్పునకు కొలత. టొలుయీనును ప్రమాణముగ గ్రహించి ఆయన ఇంధనములను వరుసగా పేర్చెను. ఈ మార్గముననే పోయి, అమెరికాలో 1920ల చివరి భాగమున శాస్త్రజ్ఞులు ఆక్టేను సంఖ్య యను కొలతను స్థిరపఱచిరి. పెట్రోలు బంకులలో మీరు విను ఆక్టేను మాటకు పూర్వచరిత్ర యిదియే.

ఆ పరీక్షలలో ఆల్కహాలు ప్రత్యేకముగ నిలిచెను. ఒక లీటరు ఆల్కహాలులో నుండు శక్తి, లీటరు పెట్రోలులో నుండు శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే. దీనిని బట్టి అది తక్కువరకపు ఇంధన మనుకొందుము. కాని అది ఆవిరి యగునపుడు పెట్రోలు కన్న చాల హెచ్చుగా వేడిని పీల్చి, లోనికి వచ్చు గాలిని చల్లబఱచును. అధిక సంపీడనమునకును అది తాళగలదు. అందుచే ఎక్కువ ఇంధనము ఖర్చగు మాట నిజమే యైనను, దాని స్వభావమునకు తగినట్లు ఇంజనును సవరించినచో పెట్రోలు కన్న ఎక్కువ బలమును రాబట్టవచ్చును. ఇంధనమును నిందించుటకు ముందు, ఇంజనును దానికి తగినట్లు దిద్దితిమా యని ప్రశ్నించుకొనవలెను.

ఇదే సమస్యకు వేఱొక పరిష్కారమును అమెరికాలో థామస్ మిడ్జ్లీ 1921లో కనుగొనెను. సీసముతో కూడిన ఒక రసాయనమును చిటికెడు కలిపినచో పెట్రోలు ఓర్పు పెరుగును. అది చౌకయైన మార్గము. కావుననే లోకమంతట వ్యాపించెను. కాని సీసము విషము. బండ్ల పొగతో అది గాలిలో కలిసి పసిపిల్లల మెదళ్లకు సైతము హాని చేసెను. మన దేశమున సీసము కలిసిన పెట్రోలు 2000వ సంవత్సరమున నిలిపివేయబడెను. ప్రపంచములో కట్టకడపట నిలిపివేసిన దేశము అల్జీరియా. అది 2021వ సంవత్సరము. శక్తి కొఱకు వేయు ప్రతి యడుగునకు ముందు దాని ఫలితమును గూర్చి కూడ యోచింపవలెనని ఈ చరిత్ర హెచ్చరించుచున్నది.

రికార్డో ఇంధనమును మాత్రమే గాక, అది మండు గదిని గూర్చియు ఆలోచించెను. చౌక కార్లలో వాడు ఇంజనుల పైమూత ఆకారమును మార్చి, లోపలి వాయువు సుడులు తిరుగుచు త్వరగా మండునట్లు చేసెను. మంట పోవలసిన దూరము తగ్గుటచే నాకింగు తగ్గెను. సామాన్యుల కార్లకును శక్తి పెరిగెను. ఆయన రూపొందించిన కామెట్ అను దహనగది అమర్చిన డీజిలు ఇంజనులు 1931 నుండి లండను బస్సులలో వాడబడెను.

ఇంజను శక్తిని పెంచుటకు మఱియొక ఉపాయము కలదు. సిలిండరులోనికి మామూలుకన్న ఎక్కువ గాలిని బలవంతముగ నెట్టినచో, ఎక్కువ ఇంధనమును మండింపవచ్చును. వృథాగ పోవు పొగ వాయువులతోనే ఒక చక్రమును త్రిప్పి, దాని బలముతో గాలిని నెట్టు సాధనమునకు టర్బోఛార్జరని పేరు. స్విట్జర్లండు దేశీయుడగు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే దీనికి పేటెంటు పొందెను. అయితే గాలిని అదిమిన కొలదియు వేడియు, నాకింగును పెరుగును. ఇచ్చటను హద్దు ఇంధనముదే. 1940లో బ్రిటనుపై జరిగిన విమానయుద్ధమున ఈ సంగతి తేటతెల్లమయ్యెను. స్పిట్‌ఫైర్, హరికేన్ విమానములలోని మెర్లిన్ ఇంజనులకు గాలి నెట్టు యంత్రమును ఇంజనే త్రిప్పుచుండెను. 87 ఆక్టేను పెట్రోలుతో ఆ గాలి పీడనమును చదరపు అంగుళమునకు 6 పౌనుల వఱకే పెంచగలిగిరి. 100 ఆక్టేను పెట్రోలు రాగానే 12 పౌనుల వఱకు పెంచిరి. ఇంజను అదియే, ఇంధనము మాత్రమే మాఱినది. అయినను సుమారు 1000 అశ్వములుగ నున్న శక్తి తక్కువ ఎత్తులలో 1300కు పెరిగెను. ఇరువది సంవత్సరములకు ముందు షోరమ్ పరిశోధనశాలలో ఓపికతో వ్రాసికొన్న అంకెల విలువ ఆనాడు లోకమునకు తెలిసెను.

రికార్డోకు తగిన గౌరవములు లభించినవి. 1929లో ఆయన రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1948లో సర్ బిరుదము నందెను. 1968లో తన జీవితస్మృతులను గ్రంథరూపమున ప్రకటించెను. 1974లో, 89 ఏండ్ల వయస్సున పరమపదించెను.

నేటి టర్బో కార్ల ఇంజనుపై ఒక చిన్న సాధనము అమర్చియుండును. నాకింగు శబ్దమును వినుటయే దాని పని. శబ్దము వినబడిన మఱుక్షణమే ఎలక్ట్రానిక్ యంత్రాంగము నిప్పురవ్వను కొంచె మాలస్యముగ పుట్టించి ఇంజనును కాపాడును. రికార్డో చెవియొగ్గి విన్న శబ్దమునే నేడు యంత్రము వినుచున్నది. బలము కోరి కార్లను సవరించువారు కొందఱు గాలి పీడనమును పెంచుదురు. ఆల్కహాలు ఎక్కువగ గల ఇంధనమును వాడుదురు. కేవల ఆల్కహాలును వాడినచో సుమారు ఒకటిన్నర రెట్లు ఇంధనమును అందింపవలెను. అందుకు తగిన పంపులు, గొట్టములు కావలెను. ఈ లెక్కలను విడిచి గాలిని మాత్రమే పెంచినవారికి లభించునది శక్తి కాదు, కరిగిన పిస్టను. మన దేశముననే 2025 నాటికి పెట్రోలులో నూటికి 20 వంతులు ఇథనాలు, అనగా చెఱకు నుండియు, ధాన్యముల నుండియు తీసిన ఆల్కహాలు, కలుపు స్థితి వచ్చెను. ఏ ఇంధనమునకు ఇంజను నెట్లు దిద్దవలె నన్న ప్రశ్న మన ముంగిట నిలిచియున్నది.

బాలబాలికలారా! బలమును బలవంతముగ రాబట్టవచ్చునని అనేకులు తలతురు. రికార్డో అట్లు చేయలేదు. యంత్రము తన బాధను తెలుపుచు చేయు శబ్దమును నిర్లక్ష్యము చేయక, అది ఏమి చెప్పుచున్నదో తెలిసికొనెను. ఇతరులు తగులబెట్టుచున్న దానిని పరీక్షింపక త్రోసివేయ నొల్లలేదు. పరీక్షకు నిలిచిన దానినే నమ్మెను. శాస్త్రము నభ్యసింప గోరువారికి ఇంతకు మించిన మార్గదర్శనము వేఱొకటి లేదు.